మూడు ముద్దలు మోసిన పీట

నేను ఒక పీటను. అలా అనగానే పంచె సర్దుకుని నా మీద కూర్చుందామని చూడకండి. ఆ భోగం ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు నా మీద కూర్చునేవి అన్నం ముద్దలు. వాటి బరువెంత, పాపం! వాటిని చూసి భయపడే మనుషుల బరువే ఎక్కువ.

మాది పెద్ద వంశం. నేను పుట్టిన చెట్టు ఏదో మంచుదేశంలో ఉండేదట. దాని చిటారుకొమ్మ మీద పొద్దున వాలిన పిట్ట, కింద గింజలు తిందామని దిగి నేల చేరేసరికి తాతైపోయేదట. ఇది నేను చూసింది కాదు, పక్క చెక్కలు చెబితే విన్నది. చెక్కలు అబద్ధమాడవు, కాస్త ఉబ్బుతాయి, అంతే.

ఆ చెట్టును ముక్కలు చేసి, ఒక యంత్రం చుట్టూ పెట్టెగా బిగించి, ఓడ మీద విశాఖపట్నం రేవుకు తెచ్చారు. దారి పొడుగునా యంత్రానికి దెబ్బ తగలకుండా మేమే కాచుకొచ్చాం. ఒడ్డుకు రాగానే యంత్రానికి పూలదండ వేశారు. మమ్మల్ని గునపంతో పీకి గోడవతల పారేశారు. పెళ్లయ్యాక పందిరి గుంజల్ని ఎవరు పలకరిస్తారు?

కంచరపాలెం వడ్రంగి బ్రహ్మలింగం నన్ను ఏరుకుపోయి పీటగా చెక్కాడు. రంపం పళ్లు ఒంట్లో దిగినప్పుడు, భయమంటే ఇదే కాబోలు అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. అది నొప్పి మాత్రమే. నొప్పి వచ్చాక తెలుస్తుంది. భయం రాకముందే వచ్చి కూర్చుంటుంది.

అక్కడినుంచి ఇడ్లీలమ్మే సన్యాసమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా మీద కూర్చుంటే పక్క వీధి మేడలు ఓ అంగుళం పైకి లేచేవి, లేస్తే దిగేవి. అయినా నేను కిక్కురుమనలేదు. చివరికి ఆవిడ మోకాళ్లే నాకంటే ముందు అరిగిపోయాయి. ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కుని, నన్ను పొయ్యి పక్కన కట్టెల్లో పడేసింది. ఆవిడ చెయ్యి కట్టెల వైపు వచ్చినప్పుడల్లా, ఈ పూట నేనేనా అని వణికేవాడిని. అప్పుడే జోగారావు ఇడ్లీ తినడానికొచ్చి నన్ను చూశాడు.

జోగారావు ఓడల్లో వంటవాడిగా తిరిగి, జపాను రేవుల్లో వాళ్ల వంట నేర్చుకొచ్చినవాడు. "అమ్మా, దీన్ని కాల్చకు. వాళ్ల దేశంలో ముద్దలు వడ్డించే పీట అచ్చం ఇలాగే ఉంటాది" అన్నాడు. "పట్టుకుపో నాయినా. నన్నే మోసినాది, ముద్దలు దానికో లెక్కా!" అని సన్యాసమ్మ నన్నిచ్చేసింది. వీపు చిత్రిక పట్టించి, మరిగే నీళ్లలో ముంచి తేల్చి, తన జపాను హోటల్లో పెట్టాడు జోగారావు. ఓడ దిగిన వాళ్లకు ఆకలి వేళాపాళా లేకుండా వేస్తుంది కాబట్టి, ఊరు పడుకున్నాకే ఆ హోటల్లో అసలు బేరం మొదలయ్యేది.

నన్ను చేతుల్లోకి తీసుకున్న ఆఖరి మనిషి వాసుపల్లి నూకరత్నం.

నూకరత్నం జాలారిపేట పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి దానయ్య తెప్ప మీద వేటకు వెళ్తూ, వస్తూ, ఒంటిచేత్తో పెంచాడు. నడక రాకముందే చేప పొలుసు తీయడం వచ్చిన పిల్ల. జోగారావు దగ్గర చేరి సుషీ చెయ్యడం నేర్చుకుంది. పుల్లటి అన్నాన్ని చేతిలో ముద్ద కట్టి, పైన పలచగా కోసిన పచ్చి చేప ముక్క పెట్టడమే సుషీ అంటే. నిప్పు తగలని చేప. అక్కడే వచ్చింది చిక్కు.

దానయ్యకు గాలివాన అంటే భయం లేదు, పోలీసంటే భయం లేదు. పచ్చి చేపంటే భయం. అతని అన్న సముద్రంలో పోయాడు. శరీరం దొరకలేదు. అప్పటినుంచీ దానయ్యది ఒకటే లెక్క: సముద్రంలో పోయినవాణ్ణి చేపలు పచ్చిగా తింటాయి. మనం చేపను నిప్పు మీద వండుకుని తింటాం. వండుకు తిన్నంతకాలం అది తిండి. మనమూ పచ్చిగా తిన్నామంటే అది పగ. పగ పట్టినవాళ్ల ఇంట్లో మనుషుల్ని సముద్రం ఒక్కొక్కరినే అడుగుతుంది. కూతురు పచ్చి చేప కోసి మనుషుల చేత తినిపిస్తోందని తెలిసిన రోజు ఒడ్డున నలుగురి ముందూ కేకలేశాడు. మానెయ్యమన్నాడు. మాననంది. మంటెత్తిపోయి, దోసెడు సముద్రపు నీళ్లు ఇసకలో పారబోసి, "నీకు నీళ్లొదిలీసినాను, పో" అన్నాడు. బతికున్న కూతురికి!

నూకరత్నం గది అద్దెకు తీసుకుని విడిగా ఉండిపోయింది. మాటల్లేవు. మధ్యలో తిరిగిందల్లా మేనమామ మైలపల్లి ఎల్లాజీ. అతనికి నోరు మూస్తే ఊపిరాడదు. ఆ పిల్ల దగ్గరికొచ్చి తండ్రి ఎలా చిక్కిపోయాడో చెప్పేవాడు. అక్కడికెళ్లి కూతురెలా చిక్కిపోయిందో చెప్పేవాడు. నిజానికి చిక్కింది, ఇద్దరి మధ్యా తిరిగిన అతనొక్కడే.

"ఒక్క మాట సెప్పీవే గుంటా. ఏం సేత్తే ఇంటికొత్తావు?" అని ఒక రాత్రి అడిగాడు.

నూకరత్నం నన్ను తడిగుడ్డతో తుడుస్తోంది. తల ఎత్తలేదు. "నా సేతి ముద్ద ఒక్కటి తినమను మావయ్యా. తిన్న రోజున, ఆయన ఎనకాలే ఎల్లిపోతాను."

"అదేటే, ఉరేసుకోమన్నా ఏసుకుంటాడు గానీ..."

"అయితే వొద్దు."

ఎల్లాజీ ఏం మాయ చేశాడో తెలియదు. దానయ్య ఒప్పుకున్నాడు.

దానయ్య వస్తానన్న రాత్రే జోగారావు బంధువుల పెళ్లికి తుని వెళ్లాడు. హోటలంతా నూకరత్నం ఒక్కతే చూసుకోవాలి. సాయంత్రం నుంచీ ఆ పిల్ల చేతులు ఆమె మాట వినడం మానేశాయి. నన్ను తుడిచిందే తుడిచింది. అన్నం వండి చెక్క తొట్టిలో తిరగబోసింది, పులుపు నీళ్లు చల్లింది, విసనకర్రతో విసిరింది. విసురుతూ తలుపు వంక చూసింది. అద్దం తలుపు మీద ఏ నీడ పడినా విసనకర్ర ఆగిపోయేది.

చేపను కొయ్యడానికి కత్తి తీసి, మళ్లీ పెట్టేసింది. తనలో తాను గొణుక్కుంది: "మొదటే సేప ఎడితే లేసి ఎల్లిపోతాడు. ముందు వొట్టి అన్నం ఎడతాను. దానికేటి బయం?" వొట్టి అన్నం బోసిగా ఉందని పైన చిటికెడు నల్లనువ్వులు చల్లుదామనుకుంది. పీట ఖాళీగా ఉందని పచ్చటి ఆకు తెచ్చి గరికలా సన్నగా చీరింది.

అవన్నీ ప్రేమతో చేసిందండీ. మనిషి ప్రేమతో చేసే పొరపాటును పక్కనున్న చెక్క కూడా పసిగట్టలేదు.

తలుపు తెరుచుకుంది. ముందు ఎల్లాజీ నవ్వు వచ్చింది, తర్వాత ఎల్లాజీ వచ్చాడు. దానయ్య మాత్రం గుమ్మం బయటే నిలబడి చెప్పులు విప్పుతున్నాడు.

"బావా, ఇది హోటలు. గుడి కాదు."

"నాకు తెల్సు."

"మరేటి, చావిల్లా?"

"నోర్ముయ్యిరా" అన్నాడు దానయ్య. మూలన నూడుల్స్ తింటున్న ఓడ మనిషి ఒకడు తప్ప హోటల్లో ఎవరూ లేరు. అతనూ మూతి తుడుచుకుని లేచి వెళ్లిపోయాడు. ఇక మిగిలింది వాళ్లు ముగ్గురూ, నేనూ.

వాళ్లిద్దరూ బల్ల ముందున్న ఎత్తు కుర్చీలెక్కారు. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకోలేదు. ఆమె అతని చేతులు చూసింది. అతను ఆమె వెనకున్న గోడను చూశాడు. వేటగాళ్లకు దిక్కులు ఒకరు చెప్పక్కర్లేదు. సముద్రం ఎడం చేతి వైపు మూలుగుతోంది. అంటే తను చూస్తున్నది దక్షిణం. అతని మెడ చిన్నగా కదిలింది. లేచి కుర్చీ మార్చుకుందామా అనుకున్నవాడిలా ఇటూ అటూ చూసి, సిగ్గుపడి, ఊరుకున్నాడు.

నూకరత్నం లోపల ముద్దలు కట్టింది. మూడు. చిన్నవి, గుండ్రంగా, తెల్లగా. నా వీపు మీద చీరిన ఆకు పరిచి, దాని మీద వరసగా పెట్టి, నువ్వులు చల్లింది. పక్కన చిన్న గిన్నెలో నల్లటి సోయా నీళ్లు. రెండు చేతులా నన్నెత్తి తెచ్చి తండ్రి ముందు దించింది.

"నాన్నా, ఇది నీకు" అంది.

దానయ్య కిందికి చూశాడు.

మీకు ఇంకా చెప్పాలా? పచ్చటి గడ్డి మీద మూడు అన్నం ముద్దలు. వాటి మీద నల్లనువ్వులు. పక్కన నల్లటి నీళ్లు. ఎదురుగా దక్షిణం. వరస పెట్టి పిలిచి మరీ పెట్టింది. అదే రూపాన్ని ఈ దానయ్య తన తండ్రికి ఒడ్డున ఇసకలో తన చేత్తో పెట్టాడు. అన్నకు పెట్టాడు, శరీరం లేకుండానే. పెళ్లానికి పెట్టాడు. ఇప్పుడు తనకు పెట్టారు.

ఎల్లాజీకి ముందు వెలగలేదు. అలవాటు కొద్దీ నోరు జారింది. "ఏటి బావా, సెయ్యెయ్యవేటి? కిటికీ తెరిసి కాకిని పిలవమంటావా..."

మాట సగంలో ఉండగా అతనికీ కనిపించింది. అంతటి వాగుడుకాయ నోరు తెరిచి మూయడం మరిచిపోయాడు.

"ఏటే ఇది?" అన్నాడు దానయ్య, చాలా మెల్లగా.

"అన్నం నాన్నా."

"అన్నమని నాకు తెల్దా? ఎవులికెట్టినావు?"

"నీకే."

"నాకే" అన్నాడు. అతని మోకాలు బల్లకు టకటకా కొట్టుకుంటోంది. ఆ అదురు బల్లలోంచి నాలోకి, నాలోంచి ముద్దల్లోకి పాకింది. ఒక నువ్వుగింజ జారి బల్ల మీద పడింది. "నాను నీకు నీల్లొదిలినాను. దానికి బదులు, నువ్వు నాకిది ఎట్టినావు. అంతేనా?"

నూకరత్నం అప్పుడు చూసింది. వందలసార్లు తన చేత్తో కట్టిన ముద్దల్ని మొదటిసారి తండ్రి కళ్లతో చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మో! నాన్నా, అది కాదు నాన్నా! సేప ఉంటే బయపడతావని తీసీసినాను. అందుకే... నాకు తోసనేదు. ఒట్టు. అమ్మ మీదొట్టు."

"సచ్చిపోయినదాని మీద ఒట్లెయ్యకే, ఈ పీట ముందర!"

ఎల్లాజీ తేరుకుని ముందుకు వంగాడు. "ఉండు బావా, దీనికింత రాద్దాంతమెందుకు? నువ్వులు దులిపీసినామనుకో, లడ్డూ అయిపోతాది."

"పేరు సెప్పి ఎట్టీసినాక దులిపితే పోద్దేటిరా?"

"అయితే తీసీమందాం."

"ఎట్టింది తీసీడం ఇంకా సెడ్డ."

ఇది ఎవరు రాసిన శాస్త్రమో నాకు తెలియదు. భయం దానికదే శాస్త్రాలు రాసుకుంటూ పోతుంది. పక్కన కూర్చున్నవాడికి కూడా అవి పుట్టుకతో తెలిసినవే అనిపిస్తాయి. ఎల్లాజీ కూడా కాదనలేకపోయాడు. గాజు తలుపు అవతల వీధి ఉంది, వీధి దీపముంది, కుక్క ఉంది. ఇవతల మాత్రం ముగ్గురు మనుషులు మూడు ముద్దల చుట్టూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. తినకుండా లేచిపోతే ఆ ముద్దలు అతని పేరునే ఉండిపోతాయి, పిల్ల ఇక ఎప్పటికీ గుమ్మం తొక్కదు. తింటే? తన పిండం తాను తిన్నవాడి గురించి ఏ ఊళ్లోనూ ఎవరూ ఏమీ చెప్పి ఉండలేదు. చెప్పడానికి ఎవడైనా మిగిలితే కదా.

దానయ్య కళ్లు మూసుకున్నాడు. తర్వాత, మునిగేవాడికి తాడు కొస తగిలినట్టు, చటుక్కున తెరిచాడు.

"మాయమ్మ ఒక మాట సెప్పీది. బతికున్నోడి ముద్దకి ఉప్పు తగలాల. పోయినోళ్లకెట్టినదానికి ఉప్పుండదు." నూకరత్నం మొహంలోకి మొదటిసారి సూటిగా చూశాడు. "ఇందల ఉప్పేసినావా?"

ఆ పిల్ల మొహం వెలిగింది. "ఏత్తాం నాన్నా! సుషీ అన్నానికి ఉప్పు, పంచదార, పులుపు, మూడూ..." అంటూ ఆగిపోయింది. వెలుగు అలాగే ఆరిపోయింది. ఆమె కళ్లు లోపలి గదిలోకి పోయి, అక్కడ సాయంత్రాన్ని వెతుకుతున్నాయి. పులుపు పోసింది. పంచదార వేసింది. అప్పుడు తలుపు మీద ఎవరిదో నీడ పడింది. ఆ తర్వాత?

"ఏసినావా, నేదా?"

"ఏసే ఉంటాను."

"నిజం సెప్పే."

"గుర్తు నేదు నాన్నా" అంది.

నాకు గుర్తుంది. చెక్కకు నాలుక లేదనుకుంటారు మీరు. మాకు ఒళ్లంతా నాలుకే. ముద్ద వీపు మీద దిగిన మరుక్షణమే తెలిసింది. పులుపుంది, తీపి ఉంది. ఉప్పు లేదు. రవ్వంత కూడా లేదు. ఆ మాట చెప్పడానికి నోరిస్తే, ఆ నిమిషంలో నేను మళ్లీ సన్యాసమ్మ పొయ్యిలోకి వెళ్లడానికైనా సిద్ధమే.

"నాను తిని సూత్తాను" అని నూకరత్నం ముద్ద మీదికి చెయ్యి చాపింది.

ఆ చెయ్యి ముద్దను చేరలేదు. దానయ్య దాన్ని మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. పెళపెళలాడే వలతాడును పట్టే పట్టు అది. నీళ్లొదిలిన నాటినుంచీ అతను కూతుర్ని ముట్టుకోవడం అదే మొదలు.

"తియ్యి సెయ్యి."

"నాన్నా..."

"నా పేరున ఎట్టినాది. నీ నోట్లోకెల్లకూడదు."

ఆమె చేతిని పక్కకు నెట్టి, మొదటి ముద్ద తీసుకున్నాడు. సోయా నీళ్లలో అద్దుకోమని సైగ చేశాడు ఎల్లాజీ. దానయ్య తల అడ్డంగా ఊపాడు. ఆ నీళ్లే ఉప్పన. అద్దితే అన్నంలో ఉప్పుందో లేదో ఎలా తెలుస్తుంది? ముద్ద పెదవుల దాకా వెళ్లి ఆగింది. ఎడం చెయ్యి నా అంచును పట్టుకుంది. అలలో తెప్ప అంచు పట్టుకున్నట్టే పట్టుకున్నాడు, గోళ్లు దిగేలా. ఆ గోళ్ల గాట్లు ఇప్పటికీ ఉన్నాయి.

నోట్లో పెట్టుకున్నాడు.

నమిలాడు. సముద్రం మూలగడం ఆపినట్టనిపించింది. ఎల్లాజీ దండం పెట్టుకున్నాడు, ఏ దేవుడికో అతనికే తెలియదు. నూకరత్నం తండ్రి దవడను చూస్తోంది. నేను నా మీదున్న అయిదు వేళ్లను చూస్తున్నాను. అవి ఒక్కసారి చల్లబడ్డాయి. తెలిసిపోయింది అతనికి. ఉప్పు లేదని నాలుక చెప్పిన క్షణం అది. ఇప్పుడు లేస్తాడు, అరుస్తాడు, లేదా పడిపోతాడు అనుకున్నాను.

దానయ్య మింగాడు.

"ఉప్పు సరిపోనాది" అన్నాడు.

"నిజంగా?"

"కుసింత ఎక్కువే. నీ సెయ్యి ఎప్పుడూ అంతే."

నూకరత్నం బల్ల పట్టుకుని, ఏడుపో నవ్వో తెలియని చప్పుడు చేసింది. ఎల్లాజీకి ప్రాణం లేచొచ్చింది. "మరింకేటి! నాకోటి ఇటియ్యి బావా" అని చెయ్యి పెట్టాడు. దానయ్య ఆ చేతి మీద ఠపీమని ఒకటిచ్చాడు. రెండోది తిన్నాడు. మూడోదీ తిన్నాడు. కిందపడ్డ నువ్వుగింజను కూడా వేలితో అద్ది తినేశాడు. ఎవరికీ ఏమీ మిగల్చలేదు. ఆకలిగొన్నవాడిలా కాదు. ఇంట్లో పాము దూరితే, పిల్లలు లేచేలోగా ఒంటరిగా తోలేసే మనిషి ఎంత జాగ్రత్తగా ఉంటాడో, అంత జాగ్రత్తగా తిన్నాడు.

"ఇప్పుడు నీ సేప తే" అన్నాడు చెయ్యి కడుక్కోకుండానే. "దాని సంగతీ తేల్చీదాం. ఎలాగూ ఒచ్చినాం కదా."

నూకరత్నం నన్నెత్తుకుని లోపలికి పరుగెత్తింది. ఆకు తీసేసింది. తడిగుడ్డ ఎత్తింది. అప్పుడు కనిపించింది ఆమెకు, నా వీపు మీద అంటుకుపోయిన ఒకే ఒక్క మెతుకు. ఆలోచించకుండా వేలితో తీసి నాలుక మీద వేసుకుంది.

ఆ తడిగుడ్డ అలాగే గాలిలో ఉండిపోయింది.

బయట ఎల్లాజీ ఏదో అంటున్నాడు. దానయ్య "ఊఁ" కొడుతున్నాడు. ఆమె సందులోంచి తండ్రిని చూసింది. అతను బల్ల మీద రెండు అరచేతులూ పెట్టుకుని, దక్షిణపు గోడను చూస్తూ, తన ఊపిరి తాను లెక్కపెట్టుకుంటున్నవాడిలా కూర్చున్నాడు. కేక వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. తండ్రి బిడ్డే మరి. ఉప్పు జాడీ దగ్గరికెళ్లి, చిటికెడు తీసింది. వదిలేసింది. గుప్పెడు తీసింది.

ఈసారి ముద్ద మీద ఎర్రటి సూర చేప ముక్క పెట్టింది. దాన్ని తండ్రి ముందు దించేటప్పుడు ఏమీ అనలేదు. ఎవరి పేరూ చెప్పలేదు.

దానయ్య ఆ పచ్చి ముక్కను చూస్తూ పెదవులు కదిపాడు. మిగతా ఇద్దరికీ వినపడలేదు గానీ, అతని నోటి కిందే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది. చేపతో మాట్లాడుతున్నాడు. "కోపముంటే నా మీద ఎట్టుకో. గుంట జోలికెల్లకు." తర్వాత ముద్దంతా ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. మెడ నరాలు ఉబ్బాయి.

"ఏటి బావా, పచ్చి వాసనా?"

"కాదు." మింగడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. "సముద్రం తాగినట్టున్నాది."

"ఇంకోటి ఎట్టమంటావా?" అంది నూకరత్నం.

తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఎట్టు" అన్నాడు దానయ్య.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే, "రేపు ఇంటికి రాయే. పొద్దున్నే రా. తలుపు తీసే ఉంటాది" అన్నాడు. పొద్దున్నే అన్న మాటను కొంచెం వొత్తి పలికాడు. పొద్దున్న వస్తుందో రాదో ఎవరికి తెలుసు అన్నట్టు వినిపించింది నాకు.

వాళ్లు వెళ్లాక నూకరత్నం తలుపు గడియ వేసింది. గిన్నెలు అలాగే ఉన్నాయి. దీపాలు అలాగే ఉన్నాయి. నన్ను ముందు పెట్టుకుని ఆ ఎత్తు కుర్చీలోనే కూర్చుంది. ఫోను చేసింది.

"సేరినామే, ఇప్పుడే" అన్నాడు ఎల్లాజీ. "మీ నాన్న సాప ఏసుకుంటన్నాడు."

కాసేపు ఉండి మళ్లీ చేసింది. ఈసారి దానయ్య ఎత్తాడు.

"ఏటే?"

"ఏట్నేదు నాన్నా. ఊరికే."

 అతను గొంతు తగ్గించి అన్నాడు: "బతికే ఉన్నాను. పడుకో."

నూకరత్నం కళ్లు మూసుకుంది. "నీకు తెలిసిపోనాది కదా?"

"ఏటి?"

"ఉప్పు."

"నీకెలాగ తెలిసినాది?"

"పీటకి ఒక మెతుకు అంటుకునుంది."

"తిన్నావా?" చాప మీదినుంచి లేచి కూర్చున్నంత గట్టిగా వచ్చింది ఆ గొంతు. "తిన్నావటే అది?"

"ఒక్క మెతుకే నాన్నా."

 ముసలాయన ఊపిరి వినిపించింది, బరువుగా, పడవలో నీళ్లు తోడే మనిషిలా. మూడు ముద్దలూ తానొక్కడే మింగి, తోలేశాననుకున్న పాము తోక గుమ్మంలో మిగిలిపోయింది.

"రాత్రి ఏటైనా తిన్నావా?" అన్నాడు చివరికి.

"నేదు."

"తొట్టిలో అన్నముందా?"

"ఉన్నాది."

"తిను. ఉప్పేసుకుని తిను. ఫోను ఎట్టీకు, నానింటాను."

నూకరత్నం ఫోను తెచ్చి నా అంచున పెట్టింది. మిగిలిన అన్నం నా వీపు మీదే కుమ్మరించుకుంది. ఉప్పు చల్లుకుని, మన ఇళ్లలో కలుపుకున్నట్టే వేళ్లతో కలుపుకుంది. జోగారావు చూస్తే గుండె పగిలేవాడు. మొదటి ముద్ద తింది. అవతల ఊపిరి వింటోంది. రెండో ముద్ద తింది. కొంతసేపటికి ఆ ఊపిరి నెమ్మదించి, బొంగురై, గురకగా మారింది. అలాంటి గురక నేను ఓడలోనూ వినలేదు. ఆ అదురుకి నా మీద మెతుకులు వాటంతటవే వరస కట్టాయి. నూకరత్నం నోట్లో అన్నంతోనే నవ్వింది.

ముసలాళ్ల గురక మీకు తెలుసు కదా. సాగి సాగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి నాకూ నోటికీ మధ్య నిలిచిపోయేది. నేను చెక్కను, దండం పెట్టడం రాదు. కదలకుండా ఉండడమొక్కటే వచ్చు, అదే చేశాను. మళ్లీ గురక అందుకునేదాకా ఆ ముద్ద గాలిలోనే ఉండేది.